కాచిన కాఫీ, దిగిన కాఫీ: రమ్‌ఫర్డు ప్రభువు చరిత్ర

హైదరాబాదు నగరమునకు తూర్పున ఉప్పల్, నాచారము అను పేటలు దాపుదాపున నున్నవి. ఒకనాడు చెరువులును పొలములును గల పల్లెలైన ఇవి నేడు కర్మాగారములతోను, పాఠశాలలతోను, బారులు తీరిన ఇండ్లతోను నిండియున్నవి. ఇక్కడి అంగళ్ళలో తేనీటిదే పెత్తనము. అయినను కోస్తా జిల్లాలనుండియు, రాయలసీమనుండియు, తమిళదేశమునుండియు వచ్చి స్థిరపడిన కుటుంబములతోపాటు కాఫీయు వచ్చి ఇక్కడి వంటయిండ్లలో చోటు సంపాదించుకొన్నది.

తెల్లవారగనే ఈ యిండ్లలో కాఫీ రెండు విధములుగా తయారగుచుండును. కొందరు గిన్నెలో నీరు మరగించి, కాఫీపొడి వేసి, మరికొంతసేపు కాచి, మడ్డి అడుగునకు దిగిన పిదప గుడ్డతో వడగట్టుదురు. మరికొందరు ఇత్తడి ఫిల్టరునో, స్టీలు ఫిల్టరునో వాడుదురు. దాని పైగిన్నె అడుగున సన్నని చిల్లులుండును. అందు పొడి వేసి, కాడగల చిల్లుల బిళ్ళతో మెల్లగా అదిమి, మరగిన నీరు పోసి, మూత పెట్టుదురు. డికాక్షన్ బొట్టుబొట్టుగా క్రిందిగిన్నెలోనికి దిగువరకు వేచియుందురు. మొదటి పద్ధతి తొందరపనివారిది, రెండవది ఓర్పుగలవారిది. ఈ రెంటిలో ఏది మేలను వాదము అత్తాకోడండ్ర నడుమ, ఇరుగుపొరుగుల నడుమ ఎన్నడును తెగలేదు.

ఈ చిన్న వాదమును రెండువందల యేండ్లకు పూర్వమే ఒక శాస్త్రజ్ఞుడు చేపట్టి, ఉష్ణమాపకము చేతబట్టి విచారించెను. ఉన్నత పాఠశాల విద్యార్థులకు అతని పేరు క్రొత్త కాదు. ఫిరంగికి రంధ్రము చేయునపుడు పుట్టిన వేడిని చూచి, ఉష్ణము పదార్థము కాదు, చలనమే యని చాటినవాడుగా భౌతికశాస్త్ర పుస్తకములు అతనిని ఒకటి రెండు వాక్యములలో పరిచయము చేసి విడిచిపెట్టును. అతడే రమ్‌ఫర్డు ప్రభువు. అతని జీవితము ఆ రెండు వాక్యములలో ఇముడునది కాదు. అందు మెచ్చదగినదియు కలదు, మెచ్చరానిదియు కలదు.

బడిపంతులు

రమ్‌ఫర్డు అసలు పేరు బెంజమిన్ థాంప్సన్. 1753వ సంవత్సరము మార్చి 26వ తేదీన, ఆనాడు ఇంగ్లండు వలసయైన అమెరికాలోని మసాచుసెట్స్ ప్రాంతమున, వోబర్న్ అను గ్రామములో ఒక రైతు కుటుంబమున జన్మించెను. ఊహ తెలియకముందే తండ్రి మరణించెను. తల్లి మరల వివాహమాడెను. పదుమూడవ యేట బాలుని సేలం పట్టణమున ఒక వర్తకుని యొద్ద పనిలో పెట్టిరి. అతని మనస్సు లెక్కల పుస్తకములమీద నిలువలేదు. బాణసంచా తయారు చేయబోయి, మందు అంటుకొని ఒడలు కాల్చుకొనెను. తరువాత ఒక వైద్యుని వద్ద కొంతకాలము శిష్యరికము చేసెను. బాల్ద్విన్ అను మిత్రునితో కూడి కాలినడకన హార్వర్డు కళాశాలకు పోయి, విన్‌త్రాప్ ఆచార్యుని భౌతికశాస్త్రోపన్యాసములను వినుచుండెను. కళాశాలలో చేరి చదువుకొను భాగ్యము అతనికి లేకపోయెను. విని నేర్చినదే అతని విద్య.

పందొమ్మిదవ యేట అతడు న్యూ హాంప్‌షైర్‌లోని కాంకర్డు అను పట్టణమున బడిపంతులుగా కుదిరెను. ఆ పట్టణమునకు అంతకుముందు రమ్‌ఫర్డు అను పేరుండెడిది. 1772లో అక్కడ సారా రోల్ఫ్ అను ధనికురాలైన వితంతువును పెండ్లాడెను. ఆమె అతనికంటె పదేండ్లకు పైగా పెద్దది. పేద పంతులు ఒక్క పెండ్లితో పెద్దమనుష్యుడయ్యెను. ఆ వలసను పాలించు గవర్నరు అతని చురుకుదనమునకు మెచ్చి స్థానిక సైన్యమున మేజరు పదవి నొసగెను. 1774లో వారికి ఒక కుమార్తె కలిగినది. ఆమెకును తల్లి పేరే పెట్టిరి.

రాత్రికి రాత్రి ప్రయాణము

అది అమెరికా ప్రజలు ఇంగ్లండు రాజుపై తిరుగబడుచున్న కాలము. థాంప్సన్ రాజపక్షమువాడని ఊరివారికి అనుమానము కలిగెను. 1774 చివర ఒక గుంపు అతని యింటిమీదికి వచ్చునని తెలిసి, అతడు భార్యను, నెలల బిడ్డను విడిచి పారిపోయెను. మరల ఆ భార్యతో కాపురము చేయలేదు.

ఊరివారి అనుమానము వట్టిది కాదు. 1775లో అతడు బ్రిటిషు సేనాపతి గేజికి కంటికి కనబడని సిరాతో రహస్యలేఖ వ్రాసి, తన దేశీయుల సైనిక సన్నాహములను తెలియజేసెను. ఆ లేఖ సేనాపతి కాగితములలో పడియుండి 20వ శతాబ్దమున లోకమునకు తెలిసినది. రసాయనజ్ఞానమును ఈ యువకుడు ఉపయోగించిన తొలిపనులలో ఇదియు నొకటి యని చెప్పుటకు మనస్సొప్పదు. కాని చరిత్రకారుడు దానిని దాచరాదు.

1776లో అతడు ఇంగ్లండు చేరెను. వలసల వ్యవహారములు చూచు మంత్రి జర్మేన్ ప్రభువు ఆదరణ సంపాదించి, నాలుగేండ్లలో ఉపకార్యదర్శి పదవి కెక్కెను. ఈ నడుమనే తుపాకిమందు బలమును కొలుచు ప్రయోగములు చేసి, 1779లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. యుద్ధము ముగియవచ్చిన సమయమున దళపతియై మరల అమెరికాకు పోయి, హంటింగ్టన్ అను ఊరిలో శ్మశానమును త్రవ్వించి అక్కడ కోట కట్టించెను. ఆ ఊరివారు ఆ యవమానమును తరతరములు మరువలేదు. 1784లో ఇంగ్లండు రాజు అతనికి సర్ బిరుదు నిచ్చెను.

మ్యూనిక్ నగరమున అన్నము

అటుపిమ్మట అతడు జర్మను దేశములోని బవేరియా ప్రభువైన కార్ల్ థియొడోరు కొలువున చేరెను. అక్కడి పదునాలుగేండ్లలో అతని జీవితమున మంచి భాగము గడిచినది. సైనికులకు జీతము చాలక, బట్ట చాలక, కడుపు నిండక యుండెను. తక్కువ ఖర్చుతో వెచ్చని బట్ట ఎట్లు నేయవచ్చును? తక్కువ కట్టెలతో ఎక్కువమందికి ఎట్లు వండవచ్చును? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుచు అతడు ఉష్ణశాస్త్రమున ప్రవేశించెను. ఉన్ని, ఈకలు, బొచ్చు వెచ్చగా నుండుటకు కారణము వాటి నడుమ చిక్కుకొన్న గాలియే యని ప్రయోగములచే చూపెను. ఉష్ణమును గురించిన ఈ పరిశోధనలకు 1792లో రాయల్ సొసైటీ కాప్లీ పతకము నొసగెను.

మ్యూనిక్ నగరమున ఆనాడు బిచ్చగాండ్రు వీథివీథిన నిండియుండిరి. 1790 జనవరి 1వ తేదీన అతడు సైనికులను, అధికారులను వెంటబెట్టుకొని బిచ్చగాండ్రను పట్టించెను. పట్టించి చెరసాలలో వేయలేదు. ముందుగా సిద్ధపరచిన పనిశాలకు రప్పించి, వెచ్చని గదులలో కూర్చుండబెట్టి, అన్నము పెట్టించి, నూలు వడుకుట, బట్ట నేయుట నేర్పించెను. సైనికుల దుస్తులు అక్కడ తయారయ్యెను. పిల్లలకు చదువు చెప్పించెను. దుర్మార్గులను ముందు మంచివారిని చేసి తరువాత సుఖపెట్టవలెనను లోకరీతిని అతడు తలక్రిందులు చేసెను. ముందు సుఖపెట్టినచో మంచితనము దానంతట అదే వచ్చునని అతని నమ్మిక.

ఆ పనిశాలలో బార్లీ, బఠాణీలు, బంగాళాదుంపలు కలిపి చాలసేపు ఉడికించిన చిక్కని జావ పెట్టెడివారు. బంగాళాదుంప యన్నచో ఆనాటి జనులకు ఏవగింపు. కావున మొదట దుంపలను గుర్తుపట్టరానట్లు ఉడికించి కలిపిరట! ఆ జావ రమ్‌ఫర్డు సూపు అను పేర ఐరోపా అంతట ప్రసిద్ధమైనది. మ్యూనిక్‌లో ఇప్పటికిని జనులు విహరించు ఇంగ్లీషు తోటను 1789లో ప్రజలకై వేయించినవాడును అతడే. 1792లో పవిత్ర రోమను సామ్రాజ్యపు కౌంటు బిరుదు లభించినప్పుడు, తాను పారిపోయి వచ్చిన ఊరి పాతపేరైన రమ్‌ఫర్డును దానికి జోడించుకొనెను. ఆ యేటనే అతని భార్య అమెరికాలో మరణించెను.

జావయు, చారును

చిక్కని జావ త్రాగి నోరు కాల్చుకొనుట అందరి అనుభవములోనిదే. పలుచని చారు చల్లారిపోయినను గట్టి పప్పు, జావ లోపల నిప్పువలె నుండును. రమ్‌ఫర్డు నోరును ఒకసారి ఇట్లే కాలినది. కారణమేమని అతడు ఆలోచించెను. పెద్ద ఉష్ణమాపకములోని ద్రవము చల్లారుచుండగా, అందలి ధూళికణములు ఎండ వెలుగున నడుమ పైకిని, అంచుల క్రిందికిని ప్రయాణించుట చూచెను. దానితో రహస్యము బయటపడినది. వేడియైన ద్రవము తేలికయై పైకి లేచును. చల్లబడినది బరువై క్రిందికి దిగును. ఈ ప్రవాహములచేతనే ద్రవములు త్వరగా వేడియెక్కును, త్వరగా చల్లారును. జావ చిక్కనైనచో ప్రవాహము సాగదు. వేడి లోపలనే నిలిచిపోవును.

దీనినే నేడు సంవహనమని పిల్లలకు బోధించుచున్నాము. ఉప్పల్ రోడ్డున హబ్సిగూడ దాపున 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ యున్నది. భూగర్భమునుండి ఎంత వేడి పైకి వచ్చుచున్నదో ఆ సంస్థవారు లోతైన బావులలో కొలిచినారు. భూమి లోపలి పొరలు కదలుటకును ఇట్టి సంవహనమే కారణమని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. జావగిన్నెలోని సూత్రము భూగోళమునకును వర్తించుచున్నది. అయితే రమ్‌ఫర్డు ఇక్కడ ఒక పొరపాటును చేసెను. ప్రవాహములే సర్వమనుకొని, ద్రవములకు ఉష్ణవాహకత్వమే లేదని తీర్మానించెను. అది సరికాదని తరువాతివారు నిరూపించిరి.

ఫిరంగి చెప్పిన సత్యము

మ్యూనిక్ ఆయుధశాలలో ఫిరంగులకు రంధ్రములు చేయుచుండగా లోహము విపరీతముగా వేడియెక్కుట అతడు గమనించెను. ఉష్ణము కెలోరిక్ అను కంటికి కనబడని ద్రవమనియు, అది వస్తువులనుండి వెలికి వచ్చుననియు ఆనాటి పండితుల మతము. ఫ్రెంచి రసాయనజ్ఞుడైన లావోసియే ఆ మతమునకు పెద్ద దిక్కు. రమ్‌ఫర్డు పదునులేని బరమాను ఫిరంగి లోహమునకు గట్టిగా నొక్కించి, గుఱ్ఱములచే త్రిప్పించెను. లోహము చుట్టును పెట్టె కట్టి అందు 18¾ పౌనుల చల్లని నీరు పోయించెను. రెండున్నర గంటలలో ఆ నీరు తెర్లినది. నిప్పు లేకుండ నీరు మరగుట చూచి చుట్టునున్నవారు నివ్వెరపోయిరి.

రాపిడి సాగినంతసేపు వేడి వచ్చుచునే యున్నది. ఒక వస్తువులోని ద్రవమే వెలికి వచ్చుచున్నచో అది ఎప్పుడో ఒకప్పుడు తరుగవలెను గదా! తరుగని దానిని పదార్థమని ఎట్లు చెప్పుట? కావున ఉష్ణము చలనమే యని అతడు 1798 జనవరిలో రాయల్ సొసైటీకి నివేదించెను. కెలోరిక్ వాదము వెంటనే నశింపలేదు. సుమారు అర్ధశతాబ్దము గడచిన పిదప జౌల్ చేసిన కొలతలతో రమ్‌ఫర్డు త్రోవయే సరియైనదని స్థిరపడినది.

1799లో అతడు లండనులో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ స్థాపనకు పూనుకొనెను. శాస్త్రము పండితుల సొత్తుగా నుండిపోక, పనివారికిని గృహస్థులకును ఉపకరింపవలెనని అతని ఆశయము. అందు ఉపన్యాసకుడుగా హంఫ్రీ డేవీని 1801లో నియమించెను. డేవీ శిష్యుడే ఫారడే. పొగ ఇంటిలోనికి రాని నిప్పుగూడు, కట్టెలు పొదుపుచేయు పొయ్యి, నీడలను పోల్చి దీపకాంతిని కొలుచు సాధనము అతడు కల్పించెను. పొయ్యిలకు, గిన్నెలకు హక్కుపత్రము పుచ్చుకొని ధనము గడింపలేదు. ఎవరైనను చేసికొనవచ్చునని విడిచిపెట్టెను. ధనమునందు ఇంత ఉదారుడైనవాడు మాటయందు మాత్రము ఉదారుడు కాడు. అధికారము తన చేతనే యుండవలెనను పట్టుదలచే సహచరులతో చెడి, కొలది యేండ్లలోనే లండను విడిచిపోయెను.

పూలతోటపై మరిగిన నీరు

పారిసు నగరమున అతనికి లావోసియే వితంతువు మరీ ఆన్‌తో పరిచయమయ్యెను. ఫ్రెంచి విప్లవకాలమున, 1794 మే 8వ తేదీన, లావోసియే శిరచ్ఛేదమునకు గురియైనాడు. ఆమె విదుషి, భర్త ప్రయోగములకు చిత్రములు వ్రాసి, గ్రంథములను అనువదించినది. 1805 అక్టోబరులో వారిరువురు వివాహమాడిరి. కెలోరిక్ వాదమునకు దిక్కైనవాని యింటికి, దానిని కూల్చబూనినవాడు యజమానుడుగా వచ్చెను.

ఆ కాపురము నిలువలేదు. ఆమెకు విందులు, సభలు, మిత్రబృందము కావలెను. అతనికి నిశ్శబ్దము, ప్రయోగశాల, పూలతోట కావలెను. ఆమె పిలిచిన అతిథులు రాకుండ ఒకనాడు అతడు ద్వారమునకు తాళము వేయించెననియు, కోపించిన ఆమె అతడు ప్రేమతో పెంచుకొన్న పూలమొక్కలపై మరిగిన నీరు పోయించెననియు అతడు కుమార్తెకు వ్రాసికొనెను. 1809లో వారు విడిపోయిరి. రమ్‌ఫర్డు పారిసు శివారునగల ఒటాయ్ గ్రామమున ఏకాంతముగా కాలము గడపెను.

కాఫీ వ్యాసము

ఆ యేకాంతములోనే, 1812లో, కాఫీ గుణములను గురించియు, దానిని చక్కగా తయారుచేయు విధమును గురించియు అతడు ఒక వ్యాసమును ప్రకటించెను. సామ్రాజ్యములకు ఫిరంగులు చేయించినవాడు వార్ధక్యమున కాఫీగిన్నెను పట్టుకొనుట కొందరికి నవ్వు తెప్పించియుండవచ్చును. అతని దృష్టిలో ఆ రెండును ఒకటే శాస్త్రము. కాఫీ మత్తు కలిగింపక ఉత్సాహము కలిగించును గావున బీదలు సారాయికి మారుగా దీనిని త్రాగుట మేలని అతడు తలచెను. అట్లు జరుగవలెనన్న కాఫీ రుచిగా నుండవలెను, చౌకగా నుండవలెను, ప్రతిదినము ఒకే రీతిగా నుండవలెను. ఒకనాడు అమృతముగను మరునాడు కషాయముగను ఉండు పానీయము ఎవరికి అలవాటగును?

కాచుటను అతడు గట్టిగా ఆక్షేపించెను. కాఫీ పరిమళము ఆవిరియై ఎగిరిపోవు స్వభావము గలది. ఇల్లంతయు కాఫీ వాసన నిండినదని మురియువారు, ఆ మేరకు గిన్నెలోని సువాసన నష్టమైనదని గ్రహింపవలెను. నీరు తెర్లుచుండగా పొడి పైకిని క్రిందికిని కలచబడును, గాలి సోకును, చేదు దిగును. కావున మరగుటకు ఇంచుక తక్కువ వేడిలో, కదలిక లేకుండ, నీరు పొడిగుండ దిగవలెను. పొడి ఒకచోట పలుచగను ఒకచోట మందముగను ఉన్నచో నీరు పలుచనైన త్రోవనే పోవును. కావున పొడిని సమముగా పరచి బిళ్ళతో అదుమవలెను. పాత్ర చల్లగానున్నచో నీటి వేడిని హరించును. కావున దాని చుట్టును వేడినీటి తొడుగు ఉండవలెను.

బొట్టుబొట్టుగా దించు పాత్ర అతని సొంత కల్పన కాదు. 1800 ప్రాంతమున పారిసులో ద బెల్వా పేర అట్టి పాత్ర వాడుకలోనికి వచ్చినది. దానికి కారణములు వెదకి, లోపములు దిద్ది, కొలతలు నిర్ణయించుట రమ్‌ఫర్డు చేసిన పని. చిల్లుల అడుగు, అదుము బిళ్ళ, మూత, క్రింద మరొక గిన్నె యని అతడు వర్ణించిన పాత్రను చదువుచుండగా మన యింటి ఫిల్టరే కండ్లకు కట్టును.

రెండు పద్ధతుల తూకము

అతని తీర్పు నేటికిని చాలవరకు నిలిచినది. వేయించిన కాఫీగింజలలో వందలకొలది సుగంధద్రవ్యములు కలవని నేటి రసాయనజ్ఞులు లెక్కించిరి. డికాక్షన్‌కు 90 మొదలు 96 డిగ్రీల వేడి తగునని నేటి నిపుణుల మాట. హైదరాబాదు సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున నున్నందున ఇక్కడ నీరు సుమారు 98 డిగ్రీలకే మరగును. విశాఖపట్టణపు తీరమున అది 100 డిగ్రీలు. కాఫీ పండు అరకులోయలో 97. కావున ఉప్పల్, నాచారము గృహిణి నీరు మరగగనే గిన్నె దించి, ఒక్క నిమిషము ఆగి పోసినచో చాలును. ఫిల్టరును ముందుగా వేడినీటితో తొలిచినచో రమ్‌ఫర్డు కోరిన తొడుగు పని కొంతవరకు నెరవేరును. పొడి మరీ మెత్తనిదైనను, బిళ్ళను బలముగా అదిమినను బొట్టు దిగదు. వదులుగా నున్నచో నీరు జారిపోయి డికాక్షన్ పలుచనగును. చికోరీ కలిసిన పొడి రంగును చిక్కదనమును ఇచ్చును, కాని కాఫీ పరిమళము నీయజాలదు.

కాచిన కాఫీ పక్షమునను చెప్పవలసినది కలదు. దానికి వేరే సాధనము అక్కరలేదు. పెండ్లివారింట నూరుమందికి ఒక్కమారు కాఫీ కావలసినచో చిన్న ఫిల్టరు ఏ మూలకు వచ్చును? పాలును పంచదారయు కలుపు మన వాడుకలో కొంత చేదు మరుగుపడును. పొంగు రాకముందే దించి, మూతపెట్టి, మడ్డి దిగనిచ్చి వడగట్టినచో అదియు త్రాగదగినదే. అయితే కాచి, కాగితము లేకుండ వడగట్టిన కాఫీలోనికి గింజలోని నూనెపదార్థములు ఎక్కువగా దిగుననియు, అవి రక్తమున కొలెస్టరాలును పెంచుననియు వైద్యులు కనుగొనిరి. కాగితపు వడపోత వాటిని ఆపును. ఆ కాగితపు వడపోతను 1908లో జర్మనీలోని డ్రెస్డెన్ నగరమున మెలిటా బెంట్స్ అను గృహిణి కల్పించెను. ఆమె మొదట వాడినది తన కుమారుని బడిపుస్తకములోని అద్దుడు కాగితమే. మన లోహపు ఫిల్టరు నూనెను కాగితమంతగా ఆపజాలదు.

పాఠశాలలో ఈ విషయమును పరీక్షించుట కష్టము కాదు. ఒకే పొడిని, ఒకే తూకమున, ఒకే కొలత నీటితో రెండు విధములుగా చేయించి, ఉష్ణమాపకముతో వేడిని, గడియారముతో కాలమును వ్రాసికొని, చేసినవారి పేరు చెప్పక పెద్దలచే రుచి చూపింపవలెను. రమ్‌ఫర్డు పద్ధతి యనగా అదియే; వాదమును మాని కొలుచుట.

తుది రోజులు

1814 ఆగస్టు 21వ తేదీన రమ్‌ఫర్డు ఒటాయ్‌లో మరణించెను. అక్కడనే అతనిని పూడ్చిరి. కాలినడకన పోయి పాఠములు విన్న హార్వర్డునకు, శాస్త్రమును జీవితోపయోగమునకు మళ్ళించు ఆచార్యపదవికై తన సొత్తులో భాగమును వ్రాసియిచ్చెను. తాను ద్రోహము చేసిన దేశమునకు ఆవిధముగా కొంత ఋణము తీర్చుకొనెను. ఉష్ణమును, కాంతిని గురించిన పరిశోధనలకై 1796లో ఇంగ్లండునను, అమెరికాలోను అతడు ఏర్పరచిన పతకములు నేటికిని అతని పేర నడచుచున్నవి. ఇంగ్లండువారి పతకము మొట్టమొదట, 1802లో, అతనికే దక్కుట ఒక వింత.

నెలల బిడ్డగా విడిచిపోయిన కుమార్తె ఇరువది రెండవ యేట ఐరోపాకు వచ్చి తండ్రిని చూచినది. తండ్రి బిరుదు ఆమెకును సంక్రమించినది. 1852లో కాంకర్డున మరణించునపుడు ఆమె తన సొత్తును దిక్కులేని పిల్లల ఆశ్రమమునకు విడిచినది. తల్లిదండ్రుల నీడ యెట్టిదో ఆమెకు తెలిసినంతగా మరెవరికి తెలియును?

మనుష్యులకు మేలు చేసినవాడే గాని మనుష్యులను ప్రేమించినవాడు కాడని, అతని మరణానంతరము ఫ్రెంచి పండితుడు కువియే భావించెను. ఆ మాట కఠినమైనను అసత్యము కాదు. వేలమంది బిచ్చగాండ్ర చలి పోగొట్టినవాడు తన యింటిలో వెచ్చదనము నిలుపుకొనలేకపోయెను. విద్యార్థులకు అతనిని ఆదర్శపురుషుడుగా చూపనక్కరలేదు, ద్రోహియని త్రోసిపుచ్చనక్కరలేదు. అతని దోషములను దోషములుగా చెప్పి, అతడు కనుగొన్న సత్యమును సత్యముగా నేర్పుట ఉపాధ్యాయుని ధర్మము. పరిశీలనకు తగని చిన్న వస్తువు లేదనియు, బీదవాని గిన్నెలోని జావయు రాజుగారి ఫిరంగియు ఒకే ప్రకృతి నియమమునకు లోబడియున్నవనియు అతడు చూపెను. రేపటి ఉదయమున ఉప్పల్‌లోనో, నాచారములోనో ఫిల్టరునుండి తొలి బొట్టు దిగునపుడు, దాని ప్రక్కన నిలిచిన బాలుడు ఎందుకని ఒక్క ప్రశ్న వేసినచో, ఆ వంటయింటిలో పాఠము మొదలైనట్లే.